పో పో కోసం గ్వాంగ్జౌ వెళ్ళొచ్చాను

చైనా వెళ్తున్నానని చెప్పగానే మా ఆయన నవ్వారు. "ఫ్రైడ్ రైస్ తినాలనుంటే పక్కనే డబ్లిన్‌లో దొరుకుతుంది కదా సుజాతా, దానికోసం సముద్రం దాటాలా?" అన్నారు. మేముండేది కాలిఫోర్నియాలో శాన్ రామన్. డబ్లిన్ మా పక్క ఊరు. అక్కడ ఒకే ప్లాజాలో నాలుగు చైనా హోటళ్ళున్న మాట నిజమే. కానీ నేను బయల్దేరింది ఫ్రైడ్ రైస్ కోసం కాదు, పో పో కోసం. ఆవిడెవరో ముందు చెప్పాలి.

మా అమ్మాయి కెజియాకి నాలుగేళ్ళప్పుడు నా ఉద్యోగం శాంటా క్లారాలో. ట్రాఫిక్ దాటుకుని ఇంటికి చేరేసరికి చీకటి పడేది. మా వీధి చివరి అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో లిండా అనే చైనా అమ్మాయి, వాళ్ళమ్మా ఉండేవారు. వాళ్ళది గ్వాంగ్జౌ, మాట్లాడేది కాంటనీస్. బడి అయ్యాక కెజియాని ఆ పెద్దావిడే చూసుకునేది. కెజియాకి తెలుగు కన్నా ముందు కాంటనీస్ వచ్చేసింది.

మొదటి వారంలో బడి లేని ఒకరోజు దాన్ని పొద్దున్నే దిగబెట్టడానికి వెళ్ళాను. అది మెట్ల మీద నుంచే "పో పో! పో పో!" అని అరుస్తోంది. ఆ పెద్దావిడ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. "పెద్దావిణ్ణి పట్టుకుని పో పో అంటావా? కుక్కని కూడా మనం అలా అనం. సారీ చెప్పు" అని చెయ్యి పట్టుకుని లాగాను. ఆవిడకి నా మాట ముక్క అర్థం కాలేదు గానీ, పిల్లని లాక్కుని తన వెనక దాచేసుకుని నా వైపు ఉరిమి చూసింది. సాయంత్రం లిండా వచ్చి పొట్ట పట్టుకుని నవ్వింది. కాంటనీస్‌లో పో పో అంటే అమ్మమ్మట.

తెలిసినా సరే, ఆ మాట నా నోటికి రాలేదు. ఆవిణ్ణి "అమ్మా" అనే పిలిచేదాన్ని. మా ఇద్దరికీ ఉమ్మడి భాషంటూ లేదు. మధ్యలో నాలుగేళ్ళ దుబాసీ. పిల్ల అటు భాషలో పడిపోతోందన్న బెంగతో నేనొక్కటి మాత్రం పట్టుబట్టి నేర్పాను. ఎవరింట్లోంచి బయల్దేరినా పోతాననీ, వెళ్తాననీ అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి. సాయంత్రం నేను కింద కారు ఆపి హారన్ కొట్టేదాన్ని. అది పైన తలుపు దగ్గర ఆ మాట చెప్పి మెట్లు దిగి రావాలి. కారెక్కగానే "చెప్పావా?" అంటే "చెప్పా" అనేది. అలా అయిదేళ్ళు గడిచాయి. తర్వాత లిండాకి సొంత ఊళ్ళో మంచి ఉద్యోగం దొరికింది. అమ్మని తీసుకుని వెళ్ళిపోయింది. ఫోన్లు కొన్నాళ్ళు నడిచాయి, తర్వాత పండగలకి శుభాకాంక్షలు మిగిలాయి.

ఇప్పుడు కెజియా అరిజోనాలో, చాండ్లర్‌లో ఒక చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఈ వేసవిలో దానికి లిండా దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మకి మతిమరుపు ముదురుతోంది, కూతుర్ని నన్నే ఒక్కోసారి పోల్చుకోవడం లేదు, అని. కెజియాకి కొత్త ఉద్యోగం, ఏడాది తిరిగితే తప్ప సెలవివ్వరు. రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది.

"అమ్మా, నువ్వు వెళ్తావా? ఒన్లీ వన్ కండిషన్. అక్కడ ఏం అయితే అదే చెప్పాలి. షుగర్‌కోట్ చేయొద్దు. షీ డజంట్ రిమెంబర్ మీ అంటే, అదే చెప్పు."

అది అంత గట్టిగా అడగడానికి కారణముంది. చిన్నప్పుడు దాని పెంపుడు ఎలుక, హామ్‌స్టర్, చచ్చిపోతే, అది పుట్టింటికి వెళ్ళిందని చెప్పాను. హామ్‌స్టర్‌కి పుట్టిల్లేమిటని అప్పుడు అడగలేదు గానీ, తర్వాత తెలుసుకుని ఇప్పటిదాకా క్షమించలేదు. చేదు కబురేదైనా నా నోట బెల్లం అద్దుకునే బయటికొస్తుందని మా ఇంట్లో పేరు. అందుకే ఈసారి ఒట్టేసి చెప్పాను, చూసింది చూసినట్టే చెబుతానని.

వీసాకి వారం పట్టింది. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఫొటోలో రెండు చెవులూ కనబడాలి. నేను జుట్టు వదులుకుని దిగిన ఫొటో వెనక్కి వచ్చింది. మళ్ళీ జడ బిగించి, పదో తరగతి పరీక్షకి వెళ్ళేదానిలా దిగాల్సి వచ్చింది. అలాగే మన మ్యాపులు, మెసేజీలు అక్కడ సరిగా పనిచేయవు. డబ్బులు కట్టేది కూడా ఫోన్‌తోనే. వాళ్ళ యాప్ వేసుకుని, కార్డు జోడించుకుని బయల్దేరితే సుఖం.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కాను. యాభై రెండేళ్ళ వయసులో ఒంటరిగా ఊరు చూడ్డానికి బయల్దేరడం ఇదే మొదటిసారి. కాకినాడలో అమ్మానాన్నలతో, పెళ్ళయ్యాక ఈయనతో, తర్వాత చర్చివాళ్ళ బృందాలతో తిరిగాను గానీ, కిటికీ సీటు కోసం ఎవరితోనూ పోట్లాడక్కర్లేని ప్రయాణం ఎప్పుడూ చేయలేదు. పక్క సీట్లో ఓక్లండ్‌లో స్థిరపడ్డ ఒక కాంటనీస్ ఆవిడ కూర్చుంది. నేనెందుకు వెళ్తున్నానో విని, తన ట్రేలోని తీపి బన్ను నాకిచ్చేసింది. "టీ పోస్తే నోటితో థాంక్స్ చెప్పక్కర్లేదు, రెండు వేళ్ళతో బల్ల మీద ఇలా తట్టు, చాలు" అని నేర్పింది. పదిహేను గంటల ప్రయాణంలో ఆ తట్టడం ప్రాక్టీసు చేస్తూనే ఉన్నాను. ఎయిర్‌హోస్టెస్ అసహనం అనుకున్నట్టుంది, రెండుసార్లు పరిగెత్తుకొచ్చింది.

బుధవారం సాయంత్రం ఏడింటికి గ్వాంగ్జౌలో దిగాను. మెట్రో ఎక్కి, ఒకసారి రైలు మారి, లివాన్ అనే పాత పేటలో హోటల్‌కి చేరాను. గదికి రోజుకి అరవై డాలర్లు, పొద్దుటి టిఫిను అందులోనే. బయటికి అడుగు పెడితే మన గోదావరి జిల్లాల ఆగస్టు ఉక్క. ఒంటికి చీర అతుక్కుపోయే ఆ ఉక్కలో నాకు చెప్పలేనంత హాయనిపించింది. ఇన్నేళ్ళుగా కాలిఫోర్నియా పొడిగాలికి పెదాలు పగలగొట్టుకుంటున్నాను మరి.

గురువారం పొద్దున టిఫిన్ దగ్గర గంజి పెట్టారు. నిజంగా గంజే. బియ్యం కరిగిపోయేదాకా ఉడికించి, పైన అల్లం ముక్కలు, ఉల్లికాడలు వేశారు. నంజుకోడానికి పక్కన కారంగా ఏదీ కనబడక, బ్యాగులోంచి కందిపొడి సీసా తీసి రెండు చెంచాలు చల్లుకున్నాను. అంతే, వెనక టేబుల్ దగ్గర్నుంచి ఒకాయన ప్లేటుతో సహా లేచి వచ్చాడు.

"తెలుగోళ్ళా మేడం? ఆ పొడి వాసనకే గుర్తు వట్టిన."

ఆయన పేరు రాజన్న, కరీంనగర్‌లో లైట్ల షోరూము. సరుకు కొనడానికి ఏటా వస్తాడట. కందిపొడి సీసా ఆయన వైపు జరిపాను. కళ్ళు మూసుకుని తిన్నాడు.

"బిజినెస్ ఏంది మేడం మీది? ఫర్నిచరా?"

"బిజినెస్ ఏం లేదండీ. ఊరు చూడ్డానికి వచ్చాను."

"గ్వాంగ్జౌల సూసుడేంది మేడం! ఈడికి కొనేతందుకు వస్తరు గని." ఇంకో చెంచా పొడి వేసుకుని, గొంతు తగ్గించాడు. "అన్నీ మంచిగనే ఉంటయి ఈడ. ఒక్కటే నచ్చదు. పోరగాండ్లకు పెద్దలంటె మర్యాద లేదు. ముసలామె ఎత్తుకొని బువ్వ తినిపిస్తుంటె, మొకం మీదనే పో పో అంటరు."

గంజి పొలమారేంత నవ్వు వచ్చింది నాకు. ఇరవయ్యేళ్ళ క్రితం నేను చేసిన పొరపాటుకి ఇప్పటికి జత దొరికింది. సంగతి చెప్పాను. ఆయన చెంచా కింద పెట్టేశాడు.

"అంటె అమ్మమ్మ అన్నట్టా? అయ్యో రామ! మొన్న లిఫ్టుల ఒక పోరన్ని కోపం జేసిన గద మేడం!"

లిండాకి శనివారం గానీ సెలవు లేదు. అందుకని గురు, శుక్రవారాలు ఊరు చూడ్డానికి పెట్టుకున్నాను. చెన్ వంశంవాళ్ళు కట్టుకున్న పెద్ద మందిరానికి మెట్రోలో వెళ్ళాను. కింద గదులన్నీ ఒకెత్తు, పైన కప్పు ఒకెత్తు. ఇంటికప్పు వెన్ను పొడుగునా రంగురంగుల మట్టిబొమ్మలు. రాజులు, నటులు, గుర్రాలు, పీతలు, అరటిగెలలు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఒంటరిగా తిరగడంలో లాభమేమిటంటే, ఒకే చోట గంటసేపు నిలబడినా "ఇక పదవే" అనేవాళ్ళుండరు. నష్టమేమిటంటే, "ఆ పీతని చూడు" అని మోచేత్తో పొడవడానికీ ఎవరూ ఉండరు.

అసలు ఇబ్బంది భోజనం దగ్గర వచ్చింది. గ్వాంగ్జౌలో ఎవరూ ఒంటరిగా తినరు. తలుపు దగ్గర అమ్మాయి "ఎంతమంది?" అని వేళ్ళు చూపిస్తుంది. నేను ఒక్క వేలు ఎత్తగానే జాలిగా చూస్తుంది. వంటకాలన్నీ ఇంటిల్లిపాదికీ సరిపోయే పళ్ళేలలో వస్తాయి. దీనికి మందు మట్టికుండ అన్నం. చిన్న కుండలో ఒక మనిషికి సరిపడా బియ్యం, పైన మాంసం ముక్కలు వేసి బొగ్గుల మీద వండుతారు. అడుగున పట్టిన మాడు గీరుకుని తినడమే అందులో అసలు రుచి. నా పక్కన తింటున్న పెద్దమనిషి తన కుండ గీకే చప్పుడూ, నా కుండ చప్పుడూ కలిసిపోయాయి. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

భోజనం తర్వాత ఒక పాలదుకాణంలో గేదెపాలతో చేసే తీపి తిన్నాను. పైన మీగడ రెండు పొరలు కడుతుంది. చెంచా దింపగానే అది జున్నే! మిరియం, ఏలకి లేని జున్ను. చిన్నప్పుడు వాళ్ళింటి గేదె ఈనితే పొరుగావిడ గిన్నెడు పంపేది. ఆవిడ గుర్తొచ్చి ఇంకో గిన్నె తెప్పించుకున్నాను. ఆ రోజు సాయంత్రం షామియన్ దీవిలో పాత దొరల భవంతుల మధ్య నడుస్తుంటే ఎక్కడ చూసినా పెళ్ళి ఫొటోలే. ఎండకి పెళ్ళికొడుకుల మొహాలు కారిపోతున్నాయి, పెళ్ళికూతుళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు.

శుక్రవారం పొద్దున యమ్ చాకి వెళ్ళాను. యమ్ చా అంటే టీ తాగడమని అర్థం గానీ, టీ పేరు చెప్పి రెండు గంటలు తినడం. వెదురు బుట్టల్లో రొయ్యల కుడుములు, బియ్యప్పిండితో ఆవిరి మీద పట్టిన పల్చటి అట్లు, కోడికాళ్ళు. ఖాళీ టేబుల్ లేక నన్ను ఇద్దరు ముసలమ్మల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ అదేం వింత కాదు. వాళ్ళు ముందుగా మరిగే టీతో నా గిన్నె, కప్పు, చాప్‌స్టిక్కులు కడిగించారు. తర్వాత పోశారు. నేను వేళ్ళతో తట్టాను. ఇద్దరూ చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఆ ఉత్సాహంతో ఆగకుండా పోస్తూనే ఉంటే, ఇక చాలని విస్తరికి అడ్డం పెట్టినట్టు కప్పు మీద అరచెయ్యి పెట్టాను. వాళ్ళలో ఒకావిడ నా చేతికి ఏదో అయిందనుకుని, అరచెయ్యి తిప్పి చూసి, తైలం రాసింది.

ఆ రోజు రాత్రి కెజియాకి అన్నీ చెప్పాను. అది నవ్వింది గానీ, చివర్లో "రేపు కదా" అంది. నేను కూడా సరిగా నిద్రపోలేదు.

శనివారం పది గంటలకి లిండా చెప్పిన టీ హోటల్‌కి వెళ్ళాను. లిండా జుట్టు సగం నెరిసింది, నవ్వు మాత్రం అదే. పక్కన పో పో. నేనెరిగిన మనిషిలో సగమే ఉంది. కానీ నేను కూర్చోగానే ఆ చేతులు వాటంతటవే కదిలాయి. నా కప్పు అందుకుని, మరిగే టీతో కడిగి, నీళ్ళు ఒంపి, నా ముందు పెట్టింది. నన్ను గుర్తుపట్టిందనే అనుకున్నాను.

తర్వాత ఆవిడ నా వైపు చూసి, చొక్కా చెయ్యి మడిచి, చెయ్యి నా ముందు బల్ల మీద చాపింది.

"నువ్వు క్లినిక్ నర్సు అనుకుంటోంది. బీపీ చూస్తావని" అంది లిండా ఇంగ్లీషులో, ఇబ్బందిగా.

ఏం చేయను? ఆ చెయ్యి అందుకుని, నాడి చూసినట్టు కాసేపు పట్టుకుని, బాగుందని తలూపాను. ఆవిడ తృప్తిగా ఒక కుడుము నా గిన్నెలో వేసింది.

వాళ్ళిల్లు ఆ పక్క వీధిలోనే. ఇంటికి వెళ్ళాక, ముందుపళ్ళు ఊడిన ఆరేళ్ళ కెజియా ఫొటో చూపించాను. పో పో దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి ముచ్చటగా ఏదో అంది. "చక్కగా ఉంది, ఎవరి పిల్ల అంటోంది" అని లిండా చెప్పింది. మధ్యాహ్నం పన్నెండింటికి లిండా ఫోన్లో కెజియాకి వీడియో కాల్ చేశాం. చాండ్లర్‌లో అప్పుడు శుక్రవారం రాత్రి తొమ్మిది. అది తలదువ్వుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంది.

"పో పో! నేను ఆ కే!" అంది కాంటనీస్‌లో. ఆ కే అనేది పో పో దానికి పెట్టిన ముద్దుపేరు.

పో పో మర్యాదగా తలూపింది. "సెక్ జో ఫాన్ మేయ్ ఆ?" అంది. అన్నం తిన్నావా, అని. కెజియా మొహం వెలిగిపోయింది. తిన్నానంది, ఏం తిన్నదో చెప్పింది, మెట్ల సంగతి, చిన్నప్పుడు ఆవిడ కాచి పోసిన సూప్ సంగతి గుర్తుచేసింది. పో పో మళ్ళీ తలూపి, మళ్ళీ అదే అడిగింది. అన్నం తిన్నావా? మూడోసారి అడిగాక లిండా మెల్లగా చెప్పింది. "ఆ మాట గ్యాస్ అబ్బాయిని కూడా అడుగుతుంది, ఆ కే. సారీ."

"ఇట్స్ ఓకే ఆంటీ" అంది కెజియా. తెర మీదనుంచి మొహం పక్కకి తిప్పుకుంది.

భోజనాలయ్యాక పో పో కునికింది. నేనూ లిండా పాత కబుర్లు చెప్పుకున్నాం. నాలుగింటికి లేచాను. అలికిడికి పో పో కూడా లేచి, కర్ర పట్టుకుని తలుపు దాకా వచ్చింది. వెళ్ళొస్తానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మళ్ళీ వస్తానా? వచ్చేసరికి ఈవిడ ఉంటుందా? అబద్ధం చెప్పనని ఒట్టేసి వచ్చిన మనిషిని. ఆఖరికి లిండా అనేట్టే "బై బై" అన్నాను. అని, ఎప్పుడూ నోరు దాటని ఆ మాట కూడా అన్నాను. "బై బై, పో పో."

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. కర్ర గోడకి ఆనించి, కుడిచెయ్యి ఎత్తి, అయిదు వేళ్ళూ బాగా విడదీసి, అరచెయ్యి నా మొహం ముందు పెట్టింది. "ఏలో సీదా" అంది. నేను లిండా వైపు చూశాను. పో పో చెయ్యి దించలేదు. ఈసారి కాస్త కోపంగా, "ఏలో సీదా!" అంది.

"అది కాంటనీస్ కాదు. ఈ మధ్య మాటలు కల్పించుకుంటోంది" అంది లిండా.

ఇక చాలు, వెళ్ళమంటోంది కాబోలనుకున్నాను. అలసిపోయిన మనిషిని విసిగించామనిపించింది. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి లిఫ్ట్ ఎక్కాను. తలుపులు మూసుకునేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.

ఆదివారం పొద్దున్నే నది దగ్గరున్న రాతి చర్చికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. భాష తెలియకపోయినా పాట ఎత్తుకునేచోట ఎత్తుకుంటూ, పో పో కోసం ప్రార్థన చేసుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి విమానం ఎక్కితే, తేదీ గీత పుణ్యమా అని అదే ఆదివారం పొద్దున పదకొండింటికే శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాను. దారంతా ఈ ఊరి గురించి ఏం చెప్పాలా అని ఆలోచించాను. గ్వాంగ్జౌ మంచి ఊరు. ఒంటరిగా వెళ్ళినవాళ్ళని ఒంటరిగా కూర్చోనివ్వదు. మెట్రో చవక, మనుషులు నెమ్మది, కారం మాత్రం మనమే పట్టుకెళ్ళాలి. ఇదంతా చెప్పడం తేలికే. కెజియాకి చెప్పాల్సింది వేరే ఉంది.

అది శనివారమే చాండ్లర్ నుంచి వచ్చేసి, కారు తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది. బ్యాగులు డిక్కీలో పెట్టి, కారు తీసింది. శాన్ మటేయో బ్రిడ్జి ఎక్కాక అడిగింది.

"కాల్ తర్వాత? ఆఫ్టర్‌నూన్ అంతా ఉన్నావ్ కదా. షీ నెవర్ గాట్ ఇట్?"

"లేదమ్మా. నన్ను నర్సనుకుంది. నీ ఫొటో చూసి ఎవరి పిల్ల అంది. అదే జరిగింది."

తలూపింది. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. "థాంక్స్ ఫర్ నాట్ లయింగ్" అంది. దాని గొంతు విని నాకు బెల్లం అద్దాలనే అనిపించింది. నోరు కట్టేసుకున్నాను. మొత్తం చెబుతానన్నాను కాబట్టి మిగిలింది కూడా చెప్పేశాను.

"చివర్లో కాస్త విసుక్కుంది కూడా. నేను బై బై అంటే, చెయ్యి ఇలా మొహం మీద పెట్టి, ఏలో సీదా అంది. రెండుసార్లు. లిండాకి కూడా అర్థం కాలేదు."

కెజియా గబుక్కున నా వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

"అమ్మా. మళ్ళీ చెప్పు. చెయ్యి ఎలా పెట్టింది?"

చూపించాను. అయిదు వేళ్ళూ విడదీసి.

"ఓ మై గాడ్" అంది. ఆ బ్రిడ్జి మీద ఆపడానికి లేదు. కింద బే నీళ్ళు, ముందూ వెనకా కార్లు. కళ్ళు తుడుచుకుంటూ ఆ పొడుగంతా నడిపింది. దిగిన తర్వాత మొదటి ఎగ్జిట్‌లో గ్యాస్ స్టేషన్ పక్కన ఆపేసి, నా వైపు తిరిగింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"నువ్వు నేర్పావ్ కదా, వెళ్ళొస్తా అని? ఐ వాజ్ ఫోర్, అమ్మా. నాకు అది ఎల్లో స్టార్ లాగా వినపడింది. ఎల్లో స్టార్, ఎల్లో స్టార్ అని రోజూ చెప్పా. పో పో వాట్ ఈజ్ దట్ అంటే, చెయ్యి ఇలా పెట్టి చూపించా. స్టార్. తను కూడా ఏలో సీదా అంటూ పెట్టేది. హై ఫైవ్ చేసి దిగేదాన్ని. ఎవ్రీ సింగిల్ డే. నీకు ఎప్పుడూ చెప్పలేదు, నువ్వు కరెక్ట్ చేస్తావని."

కింద హారన్ కొడుతూ నేను కూర్చున్న అయిదేళ్ళూ మూడో అంతస్తు తలుపు దగ్గర ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. ఆవిడ నన్ను పొమ్మనలేదు. ఆ మాట చెప్పకుండా గడప దాటుతున్నందుకు కోప్పడింది. అయిదేళ్ళు పిల్ల చేత నేను పట్టుబట్టి చెప్పించిన మాటే, చివరికి ఆవిడ నా చేత చెప్పించబోయింది.

"మరి నువ్వేం చేశావ్? హై ఫైవ్ ఇచ్చావా?"

"నమస్కారం పెట్టాను" అన్నాను.

"అమ్మా!" అని నవ్వేసింది. నవ్వుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత అది ముక్కు తుడుచుకుని, అయిదు వేళ్ళూ విడదీసి నా ముందు పెట్టింది. ఈసారి నా అరచెయ్యి దానికి ఆనించాను.

కారు స్టార్ట్ చేస్తూ అడిగింది. "మేనేజర్‌ని అడుగుతా. అన్‌పెయిడ్ అయినా సరే. చైనా వీసాకి ఎన్ని రోజులు పట్టింది నీకు?"

"వారం" అన్నాను. "ఫొటోలో చెవులు కనపడాలి. జడ నేను వేస్తాలే."